నేరచరిత్ర ఏమీ లేదట!

మీరు ఫ్రాన్స్‌లోని సెదాన్ పట్నం నుంచి ఉత్తరంగా కారులో వెళుతున్నారు. 1995 వేసవి. రోడ్డుకి రెండు వైపులా ఆర్డెన్ అడవి. చెట్ల నీడ ఎంత చిక్కగా ఉందంటే పట్టపగలే హెడ్‌లైట్లు వేసుకోవాలనిపిస్తుంది. కాసేపటికి ఒక నీలం బోర్డు, దాని మీద పసుపు నక్షత్రాల మధ్య బెల్జియం అన్న పేరు. షెంగెన్ ఒప్పందం ఆ మార్చిలోనే అమల్లోకి వచ్చింది కాబట్టి బెల్జియం వైపు కారు ఆపేవాడు లేడు, కాగితాలు అడిగేవాడు లేడు. అవతలా అదే అడవి, అవే పలకరాతి కప్పుల ఇళ్లు, అదే ఫ్రెంచి భాష. దేశం మారిన సంగతి బోర్డు చూస్తే తప్ప తెలియదు.

ఆ రోడ్డునే ఇంకాస్త పోనివ్వండి. జెదిన్ దాటగానే సార్ కుస్తిన్ అని ఒక చిన్న పల్లె. మిషెల్ ఫుర్నిరె కాపురం ఉన్నది ఇక్కడే. పుట్టింది మాత్రం సెదాన్‌లో, ఫ్రాన్స్ పౌరుడు. మైనరు బాలిక మీద లైంగిక నేరానికి 1967లో ఒకసారి శిక్ష పడింది. ఇరవై ఏళ్ల తర్వాత, వరుస లైంగిక దాడుల కేసులో మరోసారి కోర్టు ఏడేళ్లు వేసింది. అందులో కొంత సస్పెండ్ అయింది, రిమాండులో గడిపిన కాలాన్ని కలుపుకున్నారు, దాంతో 1987 శరదృతువులోనే బయటికి వచ్చాడు. ఆ తర్వాత మకాం సరిహద్దు ఇవతలికి మార్చాడు. ఇక్కడ ఒక స్కూల్లో, భోజనాల వేళ పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పని దొరికింది.

ఎలా దొరికిందో చూడాలంటే ఆ రోజుల్లోని ఒక బెల్జియం పంచాయతీ ఆఫీసులోకి నడవండి. వాళ్లు దాన్ని కమ్యూన్ అంటారు. ఉద్యోగానికి 'సత్ప్రవర్తన పత్రం' కావాలంటే కౌంటరు దగ్గరికి వెళ్లి అడగాలి. గుమాస్తా పేరు, పుట్టిన తేదీ రాసుకుంటాడు. కమ్యూన్ రిజిస్టరు చూస్తాడు, దేశం మొత్తానికి బ్రస్సెల్స్‌లో ఉన్న రికార్డూ ఉంది. రెండూ బెల్జియం కోర్టులు వేసిన శిక్షలు నమోదయ్యే పుస్తకాలే. ఫ్రాన్స్ పౌరుడికి ఫ్రాన్స్ కోర్టు వేసిన శిక్ష వాటిలోకి వచ్చే దారే లేదు. ఆయన వెతకాల్సిన చోట వెతికాడు, ఏమీ కనిపించలేదు, ముద్ర వేశాడు. గుమాస్తా అబద్ధం రాయలేదు, లంచం తినలేదు, పనిలో అలసత్వం చూపలేదు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా భయం వేసేది ఇదే.

ఆ శిక్షల వివరాలు అప్పటికి ఎక్కడున్నాయి? పడమరగా, లువార్ నది ఒడ్డున ఉన్న నాంత్ నగరంలో. ఫ్రాన్స్ జాతీయ నేర రికార్డుల కార్యాలయం అక్కడే. ఒకే మనిషి రికార్డుని ఆ ఆఫీసు మూడు రకాల పత్రాలుగా ఇస్తుంది. మొదటిది పూర్తి రికార్డు, జడ్జీలకు మాత్రమే. రెండోది కొన్ని వివరాలు తీసేసింది, ప్రభుత్వ శాఖలకీ పిల్లల మధ్య పనిచేసేవాళ్లని తీసుకునే కొన్ని సంస్థలకీ. మూడోది పెద్ద శిక్షలు మాత్రమే ఉండేది, అడిగిన మనిషికే. ఎవరికి ఎంత చూపాలో ఇంత జాగ్రత్తగా లెక్క వేసుకున్న వ్యవస్థ అది. పక్క దేశపు పంచాయతీ గుమాస్తాకి ఏది చూపాలన్న ప్రశ్న మాత్రం అందులో లేదు.

ఐరోపా దేశాల మధ్య ఒప్పందమే లేదని కాదు. 1959లో స్ట్రాస్‌బర్గ్‌లో సంతకాలైన ఒక ఒడంబడిక ఉంది. మీ దేశస్థుడికి మా కోర్టు శిక్ష వేస్తే ఏడాదికి ఒక్కసారైనా మీకు తెలియజేస్తాం అని అందులో రాసుకున్నారు. సమాచారం వెళ్లేది మనిషి పౌరసత్వం ఉన్న దేశానికి. ఫుర్నిరె ఫ్రాన్స్ వాడు, శిక్ష వేసింది ఫ్రాన్స్. కబురు పంపడానికి ఇక 'అవతలి దేశం' అన్నదే లేదు. బెల్జియమే పనిగట్టుకుని అడగాలి. అడగాలని ఎవరికి తడుతుంది?

ఇప్పుడు సినే అనే బెల్జియం పట్నానికి రండి. 2003 జూన్ 26. ఒక తెల్ల వ్యాను ఊరు దాటి పోతోంది. వెనక భాగంలో పదమూడేళ్ల అమ్మాయి, చేతులకీ కాళ్లకీ కట్లు. ఆ పిల్ల కట్లు విప్పుకుంది. ఒక కూడలి దగ్గర బండి నెమ్మదించగానే తలుపు తీసుకుని దూకింది. వెనక వస్తున్న కారులోని మహిళ ఆమెను ఎక్కించుకుంది. పోలీసుల దగ్గరికి పోతుండగా అదే వ్యాను మళ్లీ ఎదురొచ్చింది. నంబరు రాసుకున్నారు. ఆ నంబరు పట్టుకుని పోలీసులు అదే రోజు సార్ కుస్తిన్‌లో ఫుర్నిరె ఇంటి తలుపు తట్టారు.

సంవత్సరం పాటు అతను పెద్దగా ఏదీ ఒప్పుకోలేదు. 2004 జూన్‌లో, బెల్జియంలో బాలికల్ని ఎత్తుకెళ్లి చంపిన దుత్రూ అనేవాడి కేసులో తీర్పు వచ్చి దుత్రూ మాజీ భార్యకి ముప్పై ఏళ్లు పడ్డాయన్న వార్త విన్నాక, ఫుర్నిరె భార్య మోనిక్ ఒలివియే నోరు విప్పింది. 2008 మే నెలలో షార్ల్‌విల్ మెజియేర్ కోర్టు ఏడు హత్యలకి అతనికి యావజ్జీవం వేసింది. 1987 నుంచి 2001 మధ్య, సరిహద్దుకి రెండు వైపులా జరిగిన హత్యలవి. 2021లో జైలు ఖైదీగానే చనిపోయాడు.

ఇక్కడ ఒక్క మాట. రికార్డు సరిహద్దు దాటి ఉంటే ఆ హత్యలు ఆగేవని నేను అనను. అవి స్కూల్లో జరిగినవి కావు. కానీ పిల్లల మీద నేరాలకి జైలుకెళ్లొచ్చిన మనిషిని ఒక దేశం తన పిల్లల భోజనాల బల్ల దగ్గర నిలబెట్టింది. అది ఆపదగిన పని, చాలా తేలిగ్గా ఆపదగిన పని.

ఆ సిగ్గుతోనే తర్వాతి పనులు వేగంగా జరిగాయి. పిల్లలపై లైంగిక నేరాలకి ఒక దేశం విధించే ఉద్యోగ నిషేధాన్ని మిగతా దేశాలూ పాటించాలని 2004 నవంబరులోనే బెల్జియం ప్రతిపాదించింది. 2005 జనవరిలో యూరోపియన్ కమిషన్ శ్వేతపత్రం తెచ్చింది. ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్, బెల్జియం తమ రికార్డుల ఆఫీసుల్ని కంప్యూటర్లతో కలుపుకోవడం మొదలుపెట్టాయి. 2009లో చట్టం. 2012 ఏప్రిల్ 27 నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా ఎక్రిస్ అనే వ్యవస్థ.

ఎక్రిస్ అంటే ఎక్కడో ఒక పెద్ద కంప్యూటరు, అందులో ఐరోపా నేరస్థులందరి జాబితా అనుకుంటారు చాలామంది. అలాంటిదేమీ లేదు. ఎవరి పుస్తకం వాళ్ల దగ్గరే ఉంటుంది, మధ్యలో తిరిగేవి ఉత్తరాలు. ఒక ఉత్తరం వెంట మీరే వెళ్లి చూడండి. బ్రస్సెల్స్‌లో ఒక శిశు సంరక్షణ కేంద్రం. ఆయా పనికి ఒక ఫ్రాన్స్ పౌరురాలు దరఖాస్తు చేసింది. పిల్లలతో పనిచేసేవాళ్లకి బెల్జియంలో వేరే నమూనా పత్రం ఉంటుంది, దాని కోసం అర్జీ పెట్టింది. బెల్జియం రికార్డుల ఆఫీసులో ఒక అధికారి తెర మీద ఆమె పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు నింపి, ఎందుకడుగుతున్నారో ఒక గడిలో గుర్తు పెట్టి పంపిస్తాడు. ఆ గుర్తు ముఖ్యం. ఉద్యోగం కోసం అడిగిన సమాచారాన్ని ఇంకో పనికి వాడకూడదు. నాంత్‌లో ఇంకో తెర వెలుగుతుంది. జవాబు వాక్యాల్లో రాదు, అంకెల్లో వస్తుంది. ఒక్కో రకం నేరానికి ఒక్కో కోడ్, ఒక్కో రకం శిక్షకి ఒక్కో కోడ్. ఫ్రెంచిలో ఉన్న తీర్పుని ఫిన్లాండ్ వాడు, ఫిన్నిష్ తీర్పుని పోర్చుగల్ వాడు అనువాదకుడి కోసం ఎదురుచూడకుండా పోల్చుకోవడానికి ఈ ఏర్పాటు. ఇలాంటి విన్నపానికి గడువు పది పనిదినాలు. మనిషే తన రికార్డు తాను అడిగితే ఇరవై.

పుస్తకం పౌరసత్వం ఉన్న దేశానిదే అన్న 1959 నాటి సూత్రాన్ని ఎక్రిస్ మార్చలేదు, దానికి కాళ్లు ఇచ్చింది. ఏ సభ్యదేశం శిక్ష వేసినా ఆ మనిషి దేశానికి వెంటనే చెప్పాలి, ఆ దేశం దాన్ని దాచి ఉంచి, అడిగినవాళ్లకి అందించాలి. 2011 డిసెంబరులో వచ్చిన ఇంకో చట్టం ప్రకారం, పిల్లలతో నేరుగా పనిచేసే ఉద్యోగానికి మనిషిని తీసుకునేటప్పుడు యజమానికి ఈ శిక్షల సంగతి అడిగే హక్కు ఉంది. ఇచ్చేది కోర్టు ఖరారు చేసిన శిక్షల వివరం. అనుమానాలు, అరెస్టులు, కొట్టేసిన కేసులు ఆ ఉత్తరాల్లో తిరగవు. ఈ సంగతి గుర్తుంచుకోండి, విజయవాడ వెళ్లాక మళ్లీ అవసరం పడుతుంది.

తీగలు కలిపినంత మాత్రాన పని జరిగిపోతుందా? లండన్ వెళదాం, 2007 జనవరి. బ్రిటన్ హోం శాఖ ఆఫీసు. అట్టపెట్టెల్లో, బల్లల మీద ఫైళ్లు. ఇతర ఐరోపా దేశాల్లో శిక్ష పడ్డ బ్రిటిష్ పౌరుల వివరాలు. ఆయా దేశాలు ఒడంబడిక ప్రకారం బుద్ధిగా పంపినవే. 27 వేలకు పైగా. వాటిని పోలీసు కంప్యూటరులోకి ఎక్కించే మనిషే లేడు. సమాచారం సముద్రం దాటి వచ్చి, బల్ల దాటలేకపోయింది. పదమూడేళ్ల తర్వాత అదే దేశం నుంచి తిరుగు కథ బయటపడింది: బ్రిటన్‌లో శిక్ష పడ్డ విదేశీయుల వివరాలు వాళ్ల దేశాలకి పంపాల్సి ఉండగా, కంప్యూటరు లోపం వల్ల దాదాపు 75 వేల శిక్షల కబురు వెళ్లనే లేదు. ఏళ్ల తరబడి ఎవరూ గమనించలేదు.

ఐరోపా దాటితే ఆ ఉత్తరాలు కూడా లేవు. విలియం వేహీ అనే అమెరికన్‌కి 1969లో కాలిఫోర్నియాలో పిల్లలపై లైంగిక నేరం కేసు. 1970ల నుంచి అతను పాఠాలు చెప్పిన ఊళ్లలో కొన్నిటిని వరసగా చదవండి: టెహరాన్, బీరూట్, మాడ్రిడ్, ఏథెన్స్, జకార్తా, కరాకస్, లండన్, మనాగువా. నాలుగు దశాబ్దాలు, అన్నీ పేరున్న అంతర్జాతీయ పాఠశాలలే. 2014లో నికరాగువాలో అతని ఇంట్లో పనిచేసిన మనిషి తీసుకెళ్లిన పెన్‌డ్రైవ్ స్కూలు వాళ్ల చేతికి చేరేదాకా ఎవరికీ తెలియలేదు. ఏ ప్రభుత్వ వ్యవస్థా పట్టుకోలేదు, పనిమనిషి పట్టించింది.

ఇక విజయవాడ. పాస్‌పోర్టు సేవా కేంద్రం. మీరు నర్సు, జర్మనీ ఆసుపత్రిలో ఉద్యోగం. జర్మన్ భాషలో బీ2 పరీక్ష గట్టెక్కారు, రాత్రుళ్లు ఆ వ్యాకరణంతో కుస్తీ పట్టి. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే నేరచరిత్ర లేదన్న పత్రం కావాలి. మన వాళ్ల నోట్లో అది పీసీసీ, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. భారతదేశానికీ జర్మనీకీ మధ్య నాంత్‌కీ బ్రస్సెల్స్‌కీ ఉన్నటువంటి తీగ లేదు. మీ రికార్డుని మీరే మోసుకెళ్లాలి. ఐదు వందలు కట్టి స్లాటు తీసుకున్నారు. ఏ కౌంటర్లో ఫోటో, వేలిముద్రలు. బీ కౌంటర్లో ఆధార్, పాస్‌పోర్టు తిరగేస్తారు. సీ కౌంటర్లో చివరి మాట. పాత విచారణ సరిపోతే అక్కడికక్కడే ఇస్తారు, లేకపోతే ఫైలు మీ ఊరి స్టేషనుకి పోతుంది.

నాలుగో రోజు సాయంత్రం కానిస్టేబుల్ గారు బండి మీద వస్తారు. అమ్మ కుర్చీ వేస్తుంది.

"నీ మీద కేసులేమైనా ఉన్నాయామ్మా?"

"లేవండీ."

"మరి కంప్యూటర్లో నీ పేరు చూపిస్తోందే?"

అప్పుడు గుర్తొస్తుంది. ఆరేళ్ల కిందట వదిన అత్తింటి వేధింపులని 498ఏ కేసు పెట్టింది. అన్నయ్య, అమ్మ, నాన్నలతో పాటు ఆడపడుచుగా మీ పేరూ ఎఫ్ఐఆర్‌లో చేరింది. వదినకి అన్యాయం జరగలేదని నేను అనడం లేదు. జరిగే ఉండొచ్చు. కానీ మీరప్పుడు గుంటూరు హాస్టల్లో నర్సింగ్ చదువుతున్నారు. తర్వాత పెద్దలు కూర్చున్నారు, కోర్టు ముందు రాజీ అయింది, కేసు ముగిసింది. ముగిసిన సంగతి కోర్టు పుస్తకంలో ఉంది, స్టేషను కంప్యూటరులో ఎక్కలేదు. అక్కడ మీరింకా నాలుగో ముద్దాయి.

"జడ్జిమెంటు కాపీ ఉందా తల్లీ?"

లాయరు బాబాయికి ఫోన్ చేస్తారు. ఆయన సర్టిఫైడ్ కాపీ తీయాలంటాడు. అప్లికేషన్ పెట్టాలి, స్టాంపులు కట్టాలి, రికార్డు గది గుమాస్తా సెలవులో ఉన్నాడు. అవతల ఆసుపత్రి నుంచి ఈమెయిల్, కాగితాలు ఎప్పుడు పంపుతారని.

ఆర్డెన్ అడవిలో రెండుసార్లు శిక్ష పడ్డవాడి పత్రం మీద ఏమీ లేదు. కృష్ణా జిల్లాలో శిక్షే పడని అమ్మాయి పత్రం ఆగిపోయింది. నేర సమాచారం పంచుకోవాలా వద్దా అన్న వాదనలో ఈ ఇద్దరినీ ఒకేసారి ఎదురుగా పెట్టుకుని మాట్లాడేవాళ్లు నాకు తక్కువగా కనిపిస్తారు. పిల్లల రక్షణ గురించి మాట్లాడేవాళ్లు అన్నీ అందరికీ పంపండంటారు. వ్యక్తి గోప్యత గురించి మాట్లాడేవాళ్లు ఏదీ ఎవరికీ వద్దంటారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇదింకో రూపంలో తెలుసు. కెనడాలో పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, పెట్టుకున్నవాళ్లు గత పదేళ్లలో వరసగా ఆరు నెలలో అంతకు మించో ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు పత్రం తేవాలి. అంటే ఇండియా పీసీసీ, దానితో పాటు ఎఫ్‌బీఐ పత్రం. పది వేళ్లూ సిరాలో ముంచి కార్డు మీద ఒత్తి పంపితే ఎఫ్‌బీఐ చరిత్ర తీసి ఇస్తుంది. అందులో శిక్షలే కాదు, అరెస్టులూ ఉంటాయి. చదువుకునే రోజుల్లో మాల్‌లో ఏదో చిల్లర వస్తువు విషయంలో పట్టుబడి, కేసు కొట్టేసినా, ఆ అరెస్టు గీత అలాగే కనిపించవచ్చు. దాన్ని చెరిపించుకోవడం వేరే కేసంత పని.

మరి పేర్ల సంగతి? మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది, ఒక్కోసారి ఒక్క అక్షరంగా కుదించుకుపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్లకి అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది, పేరు తెలియదని దాని అర్థం. వెంకటేశ్వర్లు కొడుకు శ్రీనివాసరావు ఒక్క గుంటూరు జిల్లాలోనే ఎంతమందో! ప్రైవేటు బ్యాక్‌గ్రౌండ్ చెకింగ్ కంపెనీ కుర్రాడు కోర్టు వెబ్‌సైట్లో పేరు కొట్టి వెతుకుతాడు. తగిలిన ప్రతి శ్రీనివాసరావూ మీరేనేమో అని అనుమానిస్తాడు. ఐరోపా వాళ్లకీ ఈ చిక్కు వచ్చింది, దానితో పాటు ఇంకొకటీ. వార్సాలో శిక్ష పడ్డ భారతీయుడి రికార్డు పౌరసత్వం ఉన్న ఐరోపా దేశానికి పంపుదామంటే అతనికి అలాంటి దేశమే లేదు. బెర్లిన్ తెలుసుకోవాలంటే మిగతా అన్ని దేశాలకీ ఉత్తరాలు రాయాలి. అందుకే 2019లో ఎక్రిస్-టీసీఎన్ చట్టం చేశారు. దాని ప్రకారం ఐరోపాయేతరుల పేర్లు, వేలిముద్రలు ఒకచోట ఉంటాయి. ఆ వ్యవస్థ ఫలానా మనిషి రికార్డు ఫలానా దేశంలో ఉందని మాత్రం చెబుతుంది, నేరమేమిటో చెప్పదు. అది ఆ దేశాన్ని అడిగి తెలుసుకోవాలి. వేలిముద్రలు ఇవ్వడం అవమానంగా అనిపిస్తుంది, నిజమే. కానీ పదిమంది శ్రీనివాసరావుల్లో తొమ్మిదిమందిని కాపాడేది ఆ ముద్రే.

నా తీర్పు ఇది. కోర్టు ఖరారు చేసిన శిక్ష సరిహద్దు దాటాలి, వేలిముద్రతో సహా. పిల్లలు, వృద్ధులు, రోగుల మధ్య పనిచేసే ఉద్యోగాలకి తప్పనిసరిగా దాటాలి. ఎఫ్ఐఆర్ దాటకూడదు. కొట్టేసిన కేసు ముగిసిందని నమోదు చేసే బాధ్యత ముద్దాయి నెత్తిన కాక స్టేషను మీద ఉండాలి. ఇవన్నీ ప్రభుత్వాల పనులు, ఎప్పటికవుతాయో వాళ్లకే తెలియాలి.

ఈలోగా మీరు చేయగలిగినవి రెండున్నాయి. మీ మీదో మీ ఇంట్లోవాళ్ల మీదో ఎప్పుడైనా కేసుండి, అది ముగిసి ఉంటే, వీసా మాట రాకముందే తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, స్టేషనులో ఇచ్చి, కంప్యూటరులో ఎక్కిందో లేదో కనుక్కోండి. మీరు స్కూలో హాస్టలో నడుపుతున్నవారైతే, విదేశంలో పనిచేసి వచ్చిన మనిషిని తీసుకునేటప్పుడు మన పీసీసీ ఒక్కటీ చూసి సరిపెట్టుకోకండి. అతను నివసించిన ప్రతి దేశం నుంచీ పత్రం అడగండి. మన పోలీసులు ఇచ్చేది మన పుస్తకంలో ఉన్న సంగతే.